షెడ్డులో పడున్న మోరిస్ మైనర్‌ని లేపాలంటే: లక్షణం ఒకచోట, జబ్బు ఇంకోచోట

మా బండి 1959 మోరిస్ మైనర్ 1000 అనే పాత బ్రిటిష్ కారు, ఇంజను 948 సీసీ. మా పెదమావయ్య గారు కలకత్తాలో ఉద్యోగం చేసినప్పుడు కొన్నారు, రిటైరయ్యాక సోంపేట తెచ్చుకున్నారు, ఆయన పోయాక కొబ్బరితోటలో పెంకుల షెడ్డు కిందే ఉండిపోయింది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి సగం పెంకులు ఎగిరిపోయేయి, ఆ తర్వాత రెండు వానాకాలాలు తడుస్తూనే ఉంది. దాన్ని శ్రీకాకుళం తీసుకొచ్చి మళ్ళీ రోడ్డెక్కించడానికి మూడున్నరేళ్ళు పట్టింది. ఈ మూడున్నరేళ్ళలో నాకు తెలిసిందేటంటే, ఈ బళ్ళలో ఎక్కడ తేడా కనబడుతుందో అక్కడ జబ్బు ఉండదు, సముద్రపు ఉప్పుగాలి, పాత మేస్త్రీలు చేసి వదిలేసిన సగం సగం పనులు, ఈ రెండే లోపల్లోపల తినేస్తాయి. అందుకే ఏ లక్షణానికి ఎక్కడ వెతకాలో రాస్తున్నాను, మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే పనికొస్తుంది.

ఇంజను తిరగట్లేదు, పట్టేసింది

షెడ్డులోంచి తీసిన రోజే కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేద్దాం అనిపిస్తుంది, ఆ పని మాత్రం చెయ్యకండి. ఏళ్ళ తరబడి నిలబడిపోయిన ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి తుప్పుతో అతుక్కుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, గోడ గీరుకుపోతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో రంధ్రంలో ఇంజనాయిలు, డీజిలు సగం సగం కలిపి రెండు మూడు చెంచాలు పొయ్యండి, వారం రోజులు వదిలెయ్యండి, మధ్యమధ్యలో ఇంకాస్త పొయ్యండి. తర్వాత ముందువైపు హ్యాండిల్ పెట్టి నెమ్మదిగా కొద్దికొద్దిగా నొక్కి చూడాలి, ఒకేసారి గుండ్రంగా తిప్పాలని చూడొద్దు. మాది పదకొండో రోజున కదిలింది. కదిలేక పాత ఆయిలు మొత్తం తీసేసి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్‌తో బాగా తిప్పి, అప్పుడు బ్యాటరీ సంగతి చూడండి.

స్టార్టర్ నాబ్ లాగితే చోక్ కేబుల్ వేడెక్కి పొగొస్తోంది

ఇది నేను కళ్ళారా చూసేను. నాబ్ లాగేను, సెల్ఫ్ మూలుగుతున్నట్టు ఒక్కసారి తిరిగి ఆగిపోయింది, డాష్‌బోర్డు దగ్గర చోక్ కేబుల్ పైనున్న తొడుగు బుడగలు బుడగలుగా ఉబ్బి, కాలిన రబ్బరు వాసన గుప్పున కొట్టింది. పక్కనున్నవాళ్ళు సెల్ఫ్ మోటరు పోయింది అన్నారు, ఇంకొకాయన బ్యాటరీ చాలట్లేదు పెద్దది పెట్టు అన్నారు. రెండూ కాదు.

ఇంజను రబ్బరు మౌంటుల మీద కూచుని ఉంటుంది, అంటే బాడీకి కరెంటు సంబంధం ఉండదు, అందుకని ఇంజను గేర్‌బాక్సు వైపు నుంచి బాడీకి జడలాగ అల్లిన ఎర్తు పట్టీ ఒకటి ఉంటుంది. మా బండిలో ఆ పట్టీ పచ్చగా చిలుం పట్టి చేత్తో పట్టుకుంటే పొడి అయిపోయింది. సెల్ఫ్‌కి కావల్సిన కరెంటంతా తిరిగి వెళ్ళడానికి దారిలేక చోక్ కేబుల్ గుండా వెళ్ళింది, అంత సన్నటి తీగ ఆ బరువు ఎలా మొయ్యగలదు.

కనుక్కోవడం తేలికే. మల్టీమీటరు ఒక కొన ఇంజన్‌కి, ఇంకో కొన బ్యాటరీ ఎర్తు పోస్టుకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి, అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు బాగోలేనట్టే. కొత్త పట్టీ వెయ్యండి, అది బిగించే చోట పెయింటు గీకి ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించేక పైన గ్రీజు రాయండి. మన సముద్రతీరం ఊళ్ళలో ఆ గ్రీజు రాయకపోతే ఏడాదికే మళ్ళీ మొదటికొస్తుంది. లైట్లు మసకగా వెలగడం, ఇండికేటర్ చెయ్యి బయటికి రాకపోవడం, పెట్రోలు పంపు ఆగి ఆగి కొట్టుకోవడం, ఇవి కూడా సగం ఎర్తు జబ్బులే, కాబట్టి ఏ విద్యుత్ పార్టు కొనడానికైనా ముందు ఎర్తులన్నీ శుభ్రం చెయ్యండి.

ఛార్జింగ్ ఎర్ర లైటు ఆరట్లేదు, బ్యాటరీ దిగిపోతోంది

ఇక్కడ ఒక విషయం తెలియకపోతే చాలా నష్టం. ఈ బళ్ళలో ప్లస్ ఎర్తు, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి వెళ్తుంది, మైనస్ వైర్లకి వెళ్తుంది. ఇప్పటి బళ్ళకి సరిగ్గా తిరగేసినట్టు. మాకు బ్యాటరీ బిగించిన కుర్రాడు తనకి అలవాటైనట్టు తిప్పి పెట్టేసేడు, డైనమో (ఇంజను నడుస్తుంటే బ్యాటరీకి కరెంటు ఎక్కించేది) ఛార్జింగ్ ఆపేసింది. తప్పుగా పెట్టిన బ్యాటరీని సరిచేసేక డైనమోకి మళ్ళీ దిశ నేర్పాలి, డైనమో మీద ఎఫ్ టెర్మినల్ వైరు విప్పి, బ్యాటరీ లైవ్ పోస్టు నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్‌కి ఒక్క క్షణం తాకించి తీసెయ్యాలి, అంతే.

అప్పటికీ ఎర్ర లైటు ఆరకపోతే తప్పు డైనమోదో, దాని కరెంటుని అదుపు చేసే కటౌట్ బాక్సుదో తేల్చుకోండి. డైనమో మీద రెండు వైర్లూ విప్పి ఆ రెండు టెర్మినళ్ళనీ చిన్న వైరుతో కలిపి, ఇంజను నెమ్మదిగా ఐడిల్ కంటే కొంచెం పైన నడిపిస్తూ మీటరు చూడండి, వోల్టేజి జోరుగా పెరిగితే డైనమో మంచిదే, కటౌట్ బాక్సులో పాయింట్లు చూసుకోవాలి. 20 వోల్టులు దాటనివ్వకండి. అసలు పెరగకపోతే ముందు కార్బన్ బ్రష్షులు చూడండి, చాలాసార్లు అవే. మొబైల్ ఛార్జరు గానీ ఎల్ఈడీ లైటు గానీ ప్లస్ మైనస్ చూసుకోకుండా కలిపితే కాలిపోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

తలుపు కిందకి దిగింది, సరిగ్గా పడట్లేదు

అందరూ కీలు అరిగిపోయింది అనుకుంటారు. మేమూ అలాగే అనుకుని కీళ్ళు మార్పించేం, నెల తిరక్కుండా మళ్ళీ దిగింది. మైనర్‌కి లారీలాగ విడిగా చాసిస్ ఉండదు, నేల రేకు, తలుపు కింద సిల్లు, మధ్యలో అడ్డం వచ్చే క్రాస్‌మెంబర్, ఇవన్నీ కలిసే బండి బరువు మోస్తాయి. లోపల తుప్పు తినేస్తే బండి నడుం వంగుతుంది, నడుం వంగితే తలుపు సందు మారుతుంది, ఇంక కీలు మారిస్తే ఏం లాభం.

కార్పెట్టు తీసి నేల మీద సుత్తితో కొట్టి వినండి, మంచి రేకు ఖణేల్మంటుంది, పోయినది బొత్తిగా మొద్దు చప్పుడు చేస్తుంది. తర్వాత పాత స్క్రూడ్రైవరు పెట్టి పొడవండి. మా బండి కుడివైపు జాకీ పెట్టే చోట పొడిస్తే స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిపోయింది, గీకుతుంటే పాటీ రాలింది, పాటీ వెనక సిమెంటు ముక్క, దాని వెనక మడత పెట్టిన న్యూస్ పేపరు, అక్షరాలు కూడా ఇంకా చదవడానికొస్తున్నాయి. బయటికి మాత్రం నున్నగా నల్ల పెయింటు. ఎవరో డబ్బులు తీసుకుని చేసిన పని అది, ఆ జాకీ మీద బండి లేపి ఎవరైనా కింద పడుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

తప్పనిసరిగా చూడాల్సిన చోట్లు: క్రాస్‌మెంబర్ రెండు కొసలు, లోపలి సిల్లు, వెనక కమాను కట్ట ముందు కొస బిగించే చోటు, డిక్కీ నేల. రిపేరు ఎలాగంటే, కొయ్యడానికి ముందే తలుపు ఫ్రేములో ఇనప పైపులు అడ్డంగా టాక్ వెల్డింగ్ చేసి ఆపండి, లేకపోతే సిల్లు తియ్యగానే బాడీ మెలిపడుతుంది, తర్వాత ఏ తలుపూ పడదు. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు. రేకు 18 గేజి కంటే పల్చనిది వాడొద్దు, పాత రేకు మీద కొత్త రేకు అతికించొద్దు, మంచి ఇనుము దొరికేదాకా కోసెయ్యాలి. వెల్డింగ్ అయ్యాక లోపలి గుల్లల్లోకి మైనం గానీ చిక్కటి ఆయిలు గానీ స్ప్రే కొట్టండి, నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు మూసెయ్యకండి. విజయనగరం, శ్రీకాకుళంలో పాత అంబాసిడర్ టింకరింగ్ చేసిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఈ పని బాగా తెలుసు, తొందరపెట్టకుండా ఇవ్వండి.

స్టీరింగ్ బరువు, ముందు చక్రం దగ్గర కిరకిర

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ముందు చక్రం మోసే స్వివెల్ పిన్నుకి పైనా కిందా త్రెడ్లుంటాయి, ఆ త్రెడ్ల మీదే ట్రనియన్ (పిన్నుని సస్పెన్షన్‌కి కలిపే ముక్క) ఎక్కి ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ త్రెడ్లలోనే తిరుగుతుంది. గ్రీజు అందకపోతే నీళ్ళు, ఇసక చేరి త్రెడ్లు అరిగిపోతాయి, ఒకరోజు కింది త్రెడ్డు ఊడొచ్చి చక్రం పక్కకి మడతపడుతుంది. మాకు అదే జరిగింది. అంతకుముందు నెలలోనే ఒక గ్యారేజీలో చూపించేం, కింగ్ పిన్ను (ఈ స్వివెల్ పిన్నునే అలా అంటారు) బాగానే ఉంది అన్నారు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దాటి వస్తుంటే స్పీడ్ బ్రేకర్ దిగగానే ఠప్‌మని చప్పుడొచ్చి ఎడమ మూల నేలకి కూలబడింది, మడ్‌గార్డు టైరు మీద కూచుంది. ఇరవై స్పీడులో ఉన్నాం కాబట్టి సరిపోయింది, హైవే మీద అయితే నేను ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు.

చూసుకోవడం ఇలాగ. బండి ముందు లేపి స్టాండు మీద పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంట్లోవాళ్ళెవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమనండి. బ్రేకు తొక్కగానే ఊగడం ఆగితే అది బేరింగు, ఆగకపోతే పిన్ను, ట్రనియనే. కొత్త సెట్టు వెయ్యడమే మందు, రీబుష్షింగులు, వెల్డింగులు ఒప్పుకోకండి. కుడి ఎడమ వేరు వేరు, మార్చి బిగించకూడదు. ఇంకోటి, ముందు చక్రాలకి స్ప్రింగులాగ పనిచేసే కడ్డీ, టార్షన్ బార్, ఎప్పుడూ బిగువు మీదే ఉంటుంది, కింది ఆర్మ్‌కి జాకీ ఆన్చకుండా ఒక్క బోల్టు కూడా విప్పొద్దు. వేసేక వెయ్యి మైళ్ళకోసారి, అంటే మన లెక్కలో 1,600 కిలోమీటర్లకి, గ్రీజు గన్ను పట్టి పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. వానల్లో నడిపితే ఇంకా ముందే కొట్టాలి.

పెట్రోలు పంపు టిక్కుటిక్కుమంటూనే ఉంది, లేదా అసలు చప్పుడే లేదు

ఎస్‌యూ కంపెనీ కరెంటు పంపు బానెట్ కింద ఉంటుంది, తాళం తిప్పగానే నాలుగైదు సార్లు కొట్టుకుని కార్బొరేటర్ నిండగానే ఆగాలి. అసలు కొట్టుకోకపోతే స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి, అప్పుడు మొదలైతే లోపలి పాయింట్లు నల్లబడినట్టు, సన్న ఎమరీతో శుభ్రం చేస్తే చాలు. గబగబా కొట్టుకుంటూనే ఉంటే గాలి పీలుస్తోంది, ట్యాంకు నుంచి పంపుదాకా జాయింట్లు, పైపులు చూడండి. ఇంజను నడవకుండా తాళం మాత్రం తిప్పి ఉంచినప్పుడు నిమిషానికి ఒకటి రెండు కొట్టుకుంటూ, కార్బొరేటర్ కింద తడి కనిపిస్తే ఫ్లోటు దగ్గర నీడిల్ వాల్వు మూసుకోవట్లేదు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, ఇరవై శాతం ఇథనాల్. 1959 నాటి రబ్బరుకి అది పడదు, పైపు లోపల మెత్తబడి నల్ల పొడి రాలుతుంది, ఆ పొడే మళ్ళీ జెట్‌లో అడ్డం పడుతుంది. ఇథనాల్ తట్టుకునే పైపు, పంపులో కొత్త డయాఫ్రమ్ (పెట్రోలుని తోసే పల్చటి పొర) వేసుకోండి. ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, కాబట్టి నెలల తరబడి బండి నిలబెట్టాలంటే పెట్రోలు తీసెయ్యడం మంచిది. ట్యాంకు లోపల తుప్పుంటే విప్పి గులకరాళ్ళు వేసి కుదిపి కడగండి, చిల్లుంటే మాత్రం ఖాళీగా కనిపిస్తోంది కదా అని దానికి వెల్డింగ్ మంట చూపించకండి, లోపలి ఆవిరికే పేలుతుంది.

పెట్రోలు మాటొచ్చింది కాబట్టి, మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆపేసేరు, పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరక్కుండా కాపాడింది ఆ సీసమే. ట్యాపెట్ సందు పెట్టిన కొద్దీ తగ్గిపోతోందంటే ఎగ్జాస్టు వాల్వు సీటు లోపలికి అరుగుతోందని అర్థం. హెడ్డు తీసి గట్టి సీట్లు వేయించాలి. మళ్ళీ బిగించేక పెట్టాల్సిన సందులు: ట్యాపెట్ 0.012 అంగుళం, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు 0.015, ప్లగ్గు 0.025, ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లు మండే వరస) 1-3-4-2.

బ్రేకు తొక్కేక వదల్లేదు, డ్రమ్ము కాలిపోతోంది

వీల్ సిలిండర్లు మార్చేస్తారు, తగ్గదు. రబ్బరు హోసు బయటికి బాగానే ఉంటుంది, లోపల ఉబ్బి సందు మూసుకుపోతుంది, కాలి బలానికి ఆయిలు వెళ్తుంది గానీ తిరిగి రాదు. ముందు రెండు, వెనక ఒకటి, మూడూ ఒకేసారి మార్చండి. పెడల్ మెల్లమెల్లగా కిందకి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు బకెట్ వాషర్లు పోయినట్టు. ఆ సిలిండర్ డ్రైవర్ కాళ్ళ కింద నేలలో ఉంటుంది, కార్పెట్టు కింద చిన్న మూత తీస్తే ఆయిలు పోసే చోటు, చాలామందికి ఇది తెలియక అసలు ఆయిలే చూడరు. అందులో బ్రేకు ఆయిలు తప్ప ఇంజనాయిలు చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

వేడెక్కుతోంది

థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి నీళ్ళని వదిలే వాల్వు) తీసెయ్యమంటారు, వద్దు. మన తీరం బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోసి ఉంటారు, బ్లాకు వెనకవైపు, నాలుగో సిలిండర్ దగ్గర, ఉప్పూ మట్టీ గట్టిపడి ఉంటుంది. కోర్ ప్లగ్గులు (బ్లాకు పక్కన రంధ్రాలకి ఉండే రేకు మూతలు) తీసి తీగతో గీకి కడగండి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పొయ్యండి.

పానాలు

ఇవి అంగుళాల నట్లు. అరంగుళం నట్టుకి 13 మిల్లీమీటర్ల పానా వదులుగా పడి మూలలు తినేస్తుంది, 5/8 అంగుళానికి 16 బాగానే పడుతుంది, మిగతా వాటికి అంగుళాల సెట్టు ఒకటి కొనుక్కోండి.

ఇంజను మార్చెయ్యమంటున్నారు

చిన్న డీజిలింజను గానీ మారుతి ఇంజను గానీ పెట్టేస్తే గొడవ వదుల్తుంది అనే సలహా ప్రతి గ్యారేజీలోనూ వస్తుంది, నేను ఒప్పుకోలేదు. మొదటి రిజిస్ట్రేషన్ రోజు నుంచి 50 ఏళ్ళు దాటిన బళ్ళకి 2021 జూలైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్సు తెచ్చింది, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, రెన్యువల్‌కి 5,000. రోజూ తిరగడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ వెళ్ళడానికే. అసలు బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటేనే ఇస్తారు. అందుకని రంగు వెయ్యడానికి ముందే బ్లాకు మీద ఇంజను నంబరు ప్లేటు, బాడీ నంబరు ప్లేటు శుభ్రం చేసి ఫొటోలు తీసి పెట్టుకోండి, పెయింటరు వాటి మీద కూడా కొట్టేస్తాడు, అంచేత రంగు వేసే ముందు రెండిటి మీదా మాస్కింగ్ టేపు మీరే దగ్గరుండి అంటించండి.