విదేశాల్లోని పేద పల్లెకు బడి కట్టించడం ఎలా?

కొందరు మిత్రులు కలిసి చందాలు పోగుచేసి, ఏదో ఒక పేద దేశంలో పిల్లలకు బడి కట్టించాలనుకున్నప్పుడు ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పనిని చాలాసార్లు చేసినవాడిని, అంతకన్నా ఎక్కువసార్లు ఇతరులు పాడుచేయగా చూసినవాడిని కనుక, కొన్నిచోట్ల నా మాట కటువుగా ఉంటే మన్నించాలి.

ముందుగా సమకూర్చుకోవలసినవి నాలుగే: చందాల కోసం వేరుగా తెరిచిన బ్యాంకు ఖాతా, ఏటా లెక్కలు చూసే ఆడిటరు, ఆ దేశంలో చట్టప్రకారం నమోదైన భాగస్వామ్య సంస్థ, అక్కడి భాష మాట్లాడుతూ నెలకొకసారైనా పల్లెకు వెళ్లి రాగల ఒక నమ్మకమైన మనిషి. చివరిది దొరకకపోతే మిగిలిన మూడూ ఉన్నా పని మొదలుపెట్టకూడదు.

మొదటి దశ: చోటు

కొత్త బడి కన్నా ముందు పాత బడిని వెతకాలి. మలావీ 1994లో, ఉగాండా 1997లో, కెన్యా 2003లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఫీజులు ఎత్తివేసినప్పుడు పిల్లలు వెల్లువలా వచ్చి చేరారు గానీ, గదులూ ఉపాధ్యాయులూ అదే వేగంతో పెరగలేదు. అటువంటి చోట్ల చెట్టు కింద పాఠం చెప్పుకుంటున్న బడికి రెండు గదులు జోడించడమే మేలు. మూడు మైళ్ల లోపల నడుస్తున్న బడి ఉంటే పక్కన మరొకటి కట్టకూడదన్నది నా నియమం. శిలాఫలకం మీద పేరు చూసుకోవాలనుకునే దాతలకు ఇది రుచించదు. రుచించని దాతలను మొదట్లోనే వదులుకోవడం మంచిది.

రెండో దశ: రాతపూర్వక ఒప్పందం

పాడయ్యే పనులన్నీ పాడయ్యేది ఇక్కడే కనుక దీన్ని నిదానంగా చదవాలి.

తూర్పు ఆఫ్రికాలోని ఒక కొండపల్లెలో ఎవరో దాతలు కట్టించిన నాలుగు గదుల బడిని, అది ప్రారంభమైన రెండేళ్లకు చూశాను. తలుపులకు తాళాలు తుప్పుపట్టి ఉన్నాయి. కిటికీ చువ్వల్లోంచి తొంగిచూస్తే బెంచీలన్నీ ఒక మూలకు పేర్చి, నేల మీద ఎవరో మొక్కజొన్న కంకులు ఆరబోసుకున్నారు. నల్లబల్ల మీద ప్రారంభోత్సవం నాటి తేదీ ఇంకా చెరగలేదు. నేను అక్కడ నిలబడి ఉండగానే పిల్లలు ఆ గోడ పక్కనుంచే గంట దూరంలోని పాత బడికి నడిచి వెళ్లారు, ఎందుకంటే మాస్టారు ఉన్నది అక్కడ. విద్యాశాఖ కార్యాలయంలో విచారిస్తే వచ్చిన జవాబు ఒక్కటే: "మమ్మల్ని అడిగి కట్టారా? ఆ బడి మా జాబితాలోనే లేదు." ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

భవనానికి ఖర్చు ఒక్కసారే, జీతాలకు మాత్రం ప్రతి నెలా. అందువల్ల పునాది తవ్వకముందే చేతికి రావలసినది ఉపాధ్యాయ పోస్టుల మంజూరు పత్రం. అందులో బడికి ప్రభుత్వం ఇచ్చే నమోదు సంఖ్య, ఎందరు ఉపాధ్యాయులను ఏ తేదీలోగా నియమిస్తారు, వారికి నివాసం ఎక్కడ, మరమ్మతుల ఖర్చు ఎవరిది అన్న నాలుగు విషయాలూ విడివిడిగా రాసి ఉండాలి. "ప్రభుత్వం తగిన సహకారం అందిస్తుంది" అన్న వాక్యం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

సంతకం ఎవరిదన్నది అంతకన్నా ముఖ్యం. ప్రారంభోత్సవానికి వచ్చి రిబ్బను కత్తిరించే అధికారికీ, జీతం మంజూరు చేసే అధికారికీ సంబంధమే ఉండకపోవచ్చు. ఉదాహరణకు కెన్యాలో ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులను నియమించేది టీచర్స్ సర్వీస్ కమిషన్; స్థానిక నాయకుడు సభలో ఎంత గట్టిగా మాట ఇచ్చినా ఆ సంస్థ కదలకపోతే తరగతిలోకి మాస్టారు రారు. పైగా అధికారులు బదిలీ అవుతారు. కాబట్టి వ్యక్తి పేరు మీద కాక పదవి పేరు మీద, ముద్రతో సహా పత్రం తీసుకుని, దాని నకళ్లను పాఠశాల కమిటీ వద్దా, మన వద్దా ఉంచుకోవాలి.

ఈ పత్రం రావడానికి ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాదిలో దాతలు ఫోటోలు అడుగుతారు, వానలు వచ్చేలోగా పని మొదలుకావాలని కాంట్రాక్టరు తొందరపెడతాడు, పల్లెవాళ్లు సైతం "ముందు కట్టండి, తరువాత అవే వస్తాయి" అంటారు. లొంగకూడదు. ఒక్క ఇసుక లారీ దిగిందంటే బేరమాడే బలం మన చేతిలోంచి జారిపోయినట్టే.

పోస్టులు వచ్చేవరకు మన డబ్బుతో ఒక టీచరును పెడదామన్న ఆలోచన కూడా ప్రమాదకరమే. అక్కడ ఎలాగో పాఠాలు సాగుతున్నాయి కదా అని విద్యాశాఖ ఊరుకుంటుంది, మూడో ఏట చందాలు తగ్గితే ఆ టీచరు ఇంటికి వెళ్లిపోతుంది. తప్పనిసరి అయితే మూడేళ్ల జీతం ముందే విడిగా డిపాజిట్ చేసి, ఏటేటా ప్రభుత్వ వాటా పెరిగేలా ఒప్పందంలోనే రాసుకోవాలి.

ఇక భూమి. ఉగాండా, ఘనా వంటి దేశాల్లో పల్లె భూములు చాలావరకు సంప్రదాయ హక్కుల కింద ఉంటాయి, దస్తావేజులు ఉండవు. పెద్దాయన చేయి చాపి "ఆ చెట్టు దాకా బడికే" అంటాడు. ఆయన పోయాక కొడుకులు వచ్చి ఆ చెట్టు ఏదని అడుగుతారు. కాబట్టి కుటుంబంలోని పెద్దలందరి సమక్షంలో, ఆడవాళ్లతో సహా, హద్దులు కొలిచి, రాళ్లు పాతి, సంతకాలు తీసుకోవాలి. భూమి మన సంస్థ పేరు మీదగానీ భాగస్వామ్య సంస్థ పేరు మీదగానీ ఉండరాదు. పాఠశాల పేరు మీదనే ఉండాలి.

మూడో దశ: కట్టడం

ఇది అందరూ భయపడే దశ, నిజానికి సులువైనది. స్థానిక మేస్త్రీలను పెట్టుకుని, స్థానికంగా దొరికే సామగ్రి వాడితే సరిపోతుంది. బుర్కినా ఫాసోలోని గాండో పల్లెలో, అక్కడే పుట్టిన వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కెరె ఊరివాళ్లతో కలిసి మట్టి ఇటుకలతో కట్టిన ప్రాథమిక పాఠశాల 2001లో పూర్తయింది. రేకుల కప్పును గదుల మీద నేరుగా వేయకుండా పైకెత్తి నిలపడంతో వేడిగాలి మధ్యలోంచి బయటికి పోతుంది. ఎండలో పెనంలా కాలే రేకుల గదిలో ఒక్క మధ్యాహ్నం కూర్చున్నవారికి దాని విలువ తెలుస్తుంది. విమానమెక్కి వెళ్లి ఇటుకలు పేర్చి వచ్చే స్వచ్ఛంద యాత్రలను మాత్రం నేను ఒప్పుకోను. ఆ టిక్కెట్ల డబ్బును ఆ ఊరి మేస్త్రీలకు కూలిగా ఇస్తే గోడ కూడా నిటారుగా వస్తుంది.

భూకంపాలు వచ్చే ప్రాంతమైతే ఇంజనీరు సంతకం లేకుండా ఒక్క వరుస కూడా లేపకూడదు. 2005 అక్టోబరు 8, శనివారం ఉదయం పాకిస్తాన్ ఆధీనంలోని కశ్మీర్‌లో భూమి కంపించినప్పుడు తరగతులు జరుగుతున్నాయి. వేలాది పిల్లలు బడి గోడల కిందే ప్రాణాలు విడిచారు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వేల తరగతి గదులు కూలాయి, అదీ శనివారమే, కానీ అక్కడ అది వారాంతపు సెలవు. పునాది పైన, తలుపుల పైన, కప్పు కింద గోడ చుట్టూ, గోడలను కలిపి పట్టి ఉంచే కాంక్రీటు పట్టీలు వేయిస్తే, పిల్లల ప్రాణాలకు సెలవు రోజును నమ్ముకోనక్కరలేదు.

మరుగుదొడ్లు ఆడపిల్లలకు 25 మందికి ఒకటి, మగపిల్లలకు 50 మందికి ఒకటి చొప్పున ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. తలుపుకు లోపలి గడియ ఉండాలి, తలుపు ఆటస్థలం వైపు తెరుచుకోకూడదు.

నాలుగో దశ: బడిని నిలబెట్టడం

పుస్తకాల పెట్టెలు పంపే ముందు అవి ఏ భాషలో ఉన్నాయో చూడాలి. పశ్చిమ కెన్యాలో పాఠ్యపుస్తకాలు ఉచితంగా పంచి పరిశీలించినప్పుడు, అవి ఇంగ్లీషులో ఉండటంతో, చాలామంది పిల్లలకు అది మూడో భాష కావడంతో, ముందునుంచీ బాగా చదివేవారికే లాభం కలిగింది. అదే ప్రాంతంలో నులిపురుగుల మాత్రలు ఇచ్చిన బడుల్లో గైర్హాజరు సుమారు నాలుగో వంతు తగ్గింది. ఆ పరిశోధకుల్లో ఒకరైన మైఖేల్ క్రెమర్ 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. వాడేసిన పుస్తకాలను కంటైనర్లలో పంపేవారు ఈ లెక్క చూస్తే ఓడ ఖర్చు మిగులుతుంది.

మొత్తం చందాలో పదో వంతును మరమ్మతులకు పక్కన పెట్టాలి. ఏడాది తరువాత ముందుగా చెప్పకుండా, వానాకాలంలో ఒక మామూలు మంగళవారం నాడు వెళ్లాలి. ఎన్ని గదుల్లో పాఠం జరుగుతోందో, ఎందరు పిల్లలున్నారో లెక్కపెట్టి, హాజరుపట్టీతో సరిచూసి, ఆ రెండు సంఖ్యలూ ఎంత తక్కువగా ఉన్నా దాతలకు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపాలి.