పాలిష్ మెషీన్ దగ్గరే అసలు అడ్డు

తాడిపత్రిలో మాది నాపరాళ్ల పాలిష్ యూనిట్. కటింగ్ రోజంతా నడిచేది, ఆర్డర్లు మాత్రం లేటు. కోసిన రాళ్లన్నీ పాలిష్ మెషీన్ ముందే పేరుకుపోయేవి. అడ్డు అక్కడే. భోజనం వేళ కూడా ఆ మెషీన్ ఆగకుండా మనుషుల్ని మార్చి మార్చి పెట్టాం. పగుళ్లున్న రాళ్లను పాలిష్‌కు ముందే ఏరి పక్కన పెట్టించాను. ఆ మెషీన్ మీద పోయిన గంట మొత్తం యూనిట్‌కే నష్టం. పాలిష్ పట్టగలిగినంతే కోయమన్నాను.

"కటింగ్ ఖాళీగా ఉంటే అడుగు రాయికి పడే ఖర్చు పెరుగుతాది గదన్నా!" అన్నాడు లెక్కలు రాసే అబ్బాయి. కాగితం మీద పెరుగుతుంది, నిజమే. కానీ జీతాలు, అద్దె ఎలాగూ కట్టేవే. అమ్ముడుపోని రాయి కోస్తే కరెంటు, బ్లేడు దండగ. ఇప్పుడు అమ్మకం ధరలోంచి రాయి ఖర్చు తీసేసి, పాలిష్ గంటకు ఎంత మిగులుతుందో చూస్తాం. ఏ ఆర్డరు ముందు పట్టాలో దాన్నిబట్టే.