వెబ్‌సైట్ పాఠాలు 6: సబ్‌డొమైనా, సబ్‌డైరెక్టరీనా?

పోయినసారి బ్లాగ్‌కు సబ్‌డొమైన్ (డొమైన్ ముందు చుక్కతో తగిలించే ఇంకో పేరు) పెట్టడం చెప్తూ ఒక్క వాక్యం వదిలేశాను, దాంతో చాలామందికి బ్లాగ్ తెరుచుకోలేదు. డీఎన్‌ఎస్ (ఏ పేరు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే వ్యవస్థ) ప్యానెల్‌లో నేమ్ అన్న గడిలో ‘బ్లాగ్’ అని మాత్రమే రాయాలి. మీరు ‘బ్లాగ్.మీపేరు.కామ్’ అని మొత్తం రాశారు, ప్యానెల్ దాని వెనక మీ డొమైన్‌ను మళ్లీ తగిలించింది, చివరికి తయారైన పేరు బ్లాగ్.మీపేరు.కామ్.మీపేరు.కామ్. కొన్ని ప్యానెళ్లు ఇది సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు, కాబట్టి సేవ్ చేశాక పేరు ఎట్లా పడిందో చూడండి. సరిచేశాక కూడా వెంటనే రాకపోతే టెన్షన్ పడొద్దు, ‘ఆ పేరు లేదు’ అన్న పాత జవాబు మీ నెట్‌వర్క్‌లో కాసేపు నిల్వ ఉంటుంది. వైఫై ఆపి మొబైల్ డేటాలో తెరిచి చూడండి.

అసలు ఇంతమందికి సబ్‌డొమైన్ ఎందుకు కావాల్సి వచ్చిందన్నది వేరే సంగతి. కొత్తవాడ దర్రీలు అమ్మే ఒకాయన ఇరవై రకాల సరుకుకు షాప్, బ్లాగ్, కాంటాక్ట్ అని మూడు సబ్‌డొమైన్లు పెట్టుకున్నారు. బ్రౌజర్‌కు అవి మూడు వేర్వేరు సైట్ల లెక్క. సెర్చ్ ఇంజన్లు ఏ పేజీలు చూడొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్ మూడుచోట్లా విడిగా పెట్టాలి, సైట్ అసలుదేనని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్ మూడు పేర్లకూ వర్తించాలి. కార్ట్‌ను లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్ ఒక్కో సైట్‌కు విడిగా ఉంచే నిల్వలో) దాచారు కాబట్టి, దర్రీ ఎంచుకున్న మనిషి బ్లాగ్‌లోకి పోతే అక్కడ కార్ట్ ఖాళీగా కనపడుతుంది. మీపేరు.కామ్/బ్లాగ్ అని సబ్‌డైరెక్టరీ ఉంటే ఈ తిప్పలేవీ లేవు.

నేనైతే ముందు సబ్‌డైరెక్టరీయే పెడతాను. బ్లాగ్ వేరే కంపెనీ సర్వర్‌లో ఉండి, మీకు రివర్స్ ప్రాక్సీ (ఆ సర్వర్ పేజీలను మీ డొమైన్ కిందే తెచ్చి చూపే ఏర్పాటు) పెట్టడం రాకపోతే సబ్‌డొమైన్ తీసుకోండి. లాగిన్ ఉన్న యాప్‌కు, టెస్టింగ్ కాపీకి కూడా అదే మేలు. తెలుగు వికీపీడియా సబ్‌డొమైన్‌లో ఉందంటే, ఆ భాషకు రాసేవాళ్లు, నిర్వహించేవాళ్లు వేరే ఉన్నారు కాబట్టి. ర్యాంకింగ్ కోసమని మాత్రం ఎటూ మారొద్దు, రెండూ తమకు సమ్మతమేనని గూగుల్ వాళ్లే చెప్పారు.

ఇప్పుడు నాకు బాగా చిరాకు తెప్పించే తప్పు. సబ్‌డొమైన్ నుంచి డైరెక్టరీకి మారి, 301 రీడైరెక్ట్ (ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారిందని సర్వర్ ఇచ్చే జవాబు) రాసి, ఇక పని అయిపోయిందని పాత డీఎన్‌ఎస్ రికార్డు తీసేస్తారు! చౌరస్తాలో షాపు ఖాళీ చేసి హన్మకొండకు మారితే పాత షట్టర్ మీద కొత్త అడ్రస్ అంటిస్తాం, ఆ షట్టరే పీకేస్తే అడ్రస్ ఎక్కడ అంటిస్తారు? పాత లింక్ నొక్కినవాళ్ల బ్రౌజర్ ముందు పాత పేరు ఎక్కడుందో డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది, తర్వాత ఆ పేరుకు సర్టిఫికెట్ చూస్తుంది, ఈ రెండూ దాటాకే మీ 301 దాకా వస్తుంది. రికార్డు లేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. సర్టిఫికెట్ గడువు తీరితే రెండో మెట్టు దగ్గర ఎర్రటి హెచ్చరిక వస్తుంది. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది మామూలుగా 90 రోజులే, కాబట్టి పాత పేరును కూడా రెన్యువల్‌లో ఉంచండి, కనీసం ఏడాది పాటు. అన్ని పాత పేజీలనూ హోమ్ పేజీకి తోలడం కూడా తప్పే, ఏ పేజీని ఆ పేజీ కొత్త చోటికే పంపాలి.

అభ్యాసం: మీ సైట్‌లోని ప్రతి పేజీ పాత అడ్రస్, దాని పక్కన కొత్త అడ్రస్ ఒక షీట్‌లో రాయండి, రెండొందల పేజీలున్నా సరే మొత్తం రాయాల్సిందే. తర్వాత ఒక్కో పాత లింక్‌ను ప్రైవేట్ విండోలో తెరిచి, ఒకే గెంతులో సరైన పేజీకి వచ్చిందో లేదో మూడో గడిలో నింపండి.