వై-ఫై రాకపోతే ముందు తెగింది ఎక్కడో చూడండి: పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ఇళ్లకు

నెట్ ఆగిందంటే చాలామంది నేరుగా 'నెట్‌వర్క్ రీసెట్' నొక్కేస్తారు. అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. దాంతో దాచుకున్న పాస్‌వర్డులన్నీ పోతాయి, తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లూ పోతాయి. చూడాల్సినవి మూడు: కంప్యూటరు రౌటరును అందుకుంటోందా, రౌటరుకు బయటి లైను ఉందా, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ పలుకుతోందా. కింద చెప్పేవి విండోస్ 10, 11లకు వర్తిస్తాయి.

మొదట ఫైబర్ పెట్టె లైట్లు చూడండి. ఎల్ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే బయటి తీగ నుంచి సిగ్నల్ రావడం లేదని అర్థం. గాలివాన తర్వాతా, రోడ్డు తవ్వినప్పుడూ మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇక కంప్యూటర్ని ముట్టుకోకండి, లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. కరెంటు పోయి వచ్చాక పెట్టె పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వై-ఫై ముందే అందుతుంది కాబట్టి అంతవరకూ 'నో ఇంటర్నెట్' అని చూపడం మామూలే. కోతలు ఎక్కువైతే రౌటరుకు మినీ యూపీఎస్ పెట్టుకోండి. కొనేముందు అడాప్టరు మీది చీటీ చదవండి. వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. 9 వోల్టుల రౌటరుకు 12 వోల్టులిస్తే కాలిపోవచ్చు.

తర్వాత అదే వై-ఫైని ఫోనులో పెట్టి చూడండి. ఫోనులో మొబైల్ డేటా ఆపేసి చూడాలి, లేకపోతే సిమ్ మీద నడుస్తున్న నెట్‌ని వై-ఫై అనుకుంటారు. ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకపోతే తప్పు కంప్యూటరు వైపే ఉందనుకోవచ్చు.

ఏ పేరూ కనబడకపోతే

ఏరోప్లేన్ మోడ్, ఎఫ్ఎన్ మీటతో పనిచేసే వై-ఫై బటన్ చూడండి. వై-ఫై గుర్తే లేకపోతే విండోస్, ఎక్స్ మీటలు కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. 'నెట్‌వర్క్ అడాప్టర్స్'లో వై-ఫై కార్డు పేరు మీద కింది బాణం ఉంటే కుడి క్లిక్ చేసి 'ఎనేబుల్' నొక్కండి. పసుపు గుర్తుంటే డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) తేడా. కార్డు పేరే లేకపోతే ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టండి. ఇరుక్కుపోయిన కార్డు కొన్నిసార్లు దీంతో తిరిగి కనిపిస్తుంది.

పక్కింటివాళ్ల పేరు కనబడి మీది కనబడకపోతే, మీ రౌటరు 5 గిగాహెర్ట్జ్‌లోనే పంపుతోందేమో. పాత ల్యాప్‌టాపుల్లో చాలావాటికి 2.4 మాత్రమే తెలుసు. రౌటరులో 2.4 కూడా తెరిచి, చానల్ 1, 6, 11లో ఒకటి పెట్టండి. 12, 13 పెడితే కొన్ని కార్డులకు పేరే కనిపించదు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉన్నా పాత కార్డులు కలవవు. డబ్ల్యూపీఏ2, 3 కలిసిన పద్ధతి ఎంచుకోండి.

పాస్‌వర్డ్ తప్పంటే

మన వైపు ఒకే కంప్యూటరులో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు కీబోర్డులు మూడూ ఉంటాయి. ఒడియాలో ఉండగా కొడితే చుక్కల వెనక ఏం పడిందో తెలియదు. విండోస్, స్పేస్ నొక్కి ఇంగ్లీషుకు మార్చండి, కన్ను గుర్తు నొక్కి అక్షరాలు చదువుకోండి. రౌటరులో పాస్‌వర్డ్ మార్చి ఉంటే పాత పేరును 'ఫర్గెట్' చేసి మళ్లీ కలపండి.

కలిసింది గాని నెట్ లేదంటే

ఎక్కువమందికి వచ్చే తిప్పలు ఇవే. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' (ipconfig) కొట్టండి. ఐపీవీ4 చిరునామా 169.254తో మొదలైతే రౌటరు చిరునామా ఇవ్వలేదన్నమాట. 'ఐపీకాన్ఫిగ్ /రిలీజ్' (ipconfig /release), ఆపైన 'ఐపీకాన్ఫిగ్ /రెన్యూ' (ipconfig /renew) కొట్టండి. అయినా మారకపోతే రౌటరు ఆపి మళ్లీ వేయండి. ఆఫీసులో వాడిన కంప్యూటరైతే 'ఐపీ అసైన్‌మెంట్' మాన్యువల్‌లో ఉండిపోయిందేమో చూసి ఆటోమేటిక్ చేయండి.

చిరునామా బాగుంటే, అవతలివైపు పలుకుతోందో లేదో చూసే 'పింగ్' (ping) కొట్టి, దాని పక్కన 'డిఫాల్ట్ గేట్‌వే' దగ్గరున్న అంకెలు కొట్టండి. చాలా రౌటర్లకు అది 192.168.1.1. జవాబు రాకపోతే తేడా కంప్యూటరుకూ రౌటరుకూ మధ్యే. అది వచ్చి 'పింగ్ 8.8.8.8'కు రాకపోతే బయటి లైను చూడాలి. రెండూ వచ్చి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ తప్పు. వై-ఫై ప్రాపర్టీస్‌లో డీఎన్ఎస్ మాన్యువల్ చేసి 8.8.8.8, 1.1.1.1 రాయండి.

ఇవన్నీ సరిగా ఉన్నా బ్రౌజర్ మొరాయిస్తుంటే ఇంకో రెండు చూడండి. హాస్టల్ నుంచి సెలవులకు తెచ్చిన ల్యాప్‌టాపుల్లో కాలేజీ ప్రాక్సీ (నెట్‌ని కాలేజీ సర్వర్ గుండా పంపే సెట్టింగు) అలాగే ఉండిపోతుంది, దాన్ని ఆపేయండి. డెస్క్‌టాపులో తేదీ ఏళ్ల వెనక్కి పోతే సైట్లు భద్రం కాదంటూ అడ్డుపడతాయి. తేదీ సరిచేయండి, మదర్‌బోర్డులో సీఆర్2032 బ్యాటరీ మార్చండి. కరెంటు పోయినప్పుడల్లా గడియారం తప్పుతుంటే ఆ బ్యాటరీ అయిపోయినట్టే.

వస్తూ పోతూ ఉంటే

రౌటరును ఇనప బీరువా వెనక, గోడ మూల పెట్టకండి. ఇంటి మధ్యలో, తల ఎత్తులో ఉంచండి. డెస్క్‌టాపుకు గుచ్చే చిన్న వై-ఫై డాంగిల్ పక్కన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు ఉంటే 2.4 సిగ్నల్ చెడుతుంది. డాంగిల్‌ని పొడిగింపు కేబుల్‌తో దూరం జరపండి. డివైస్ మేనేజర్‌లో కార్డు 'పవర్ మేనేజ్‌మెంట్' ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదాకు కార్డును ఆపే టిక్కు తీసేయండి.

ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్లకు ఒడిశా-ఆంధ్ర సరిహద్దు చిక్కొకటి ఉంది. పర్లాకిమిడిలో పాతపట్నం వైపు టవర్, బరంపురం దిగువ ఊళ్లలో ఇచ్ఛాపురం వైపు టవర్ అందుకోవచ్చు. కొన్ని సిమ్‌లకు అది రోమింగ్. ఫోనులో డేటా రోమింగ్ ఆపి ఉంటే వై-ఫై కలిసినట్టే ఉంటుంది, నెట్ రాదు. డేటా రోమింగ్ వేయండి. హాట్‌స్పాట్ పేరే కనబడకపోతే దాని బ్యాండ్ 2.4కు మార్చండి.

ఏదీ పనిచేయకపోతే

అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్' (netsh winsock reset) కొట్టి రీస్టార్ట్ చేయండి. అదీ తప్పితే పాస్‌వర్డులు కాగితం మీద రాసుకుని అప్పుడు నెట్‌వర్క్ రీసెట్ చేయండి. డ్రైవర్ దింపుకోవడానికే నెట్ లేకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' వేయండి, వై-ఫై కార్డు లేకుండానే నెట్ వస్తుంది. తయారీ కంపెనీ సైటులో మీ మోడల్ నంబరు కొట్టి డ్రైవర్ తీసుకోండి. కొత్త డ్రైవర్‌తోనూ కార్డు లేవకపోతే డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ అడాప్టర్ కొని గుచ్చుకోండి.