లినక్స్ ల్యాప్‌టాప్‌లో వేలిముద్ర మొరాయిస్తోందా? లోపం ఎక్కడుందో ముందు పట్టుకోండి

వేలిముద్ర పనిచేయకపోతే చాలామంది నేరుగా లాగిన్ సెట్టింగుల మీద పడతారు. నిజానికి అక్కడికి అన్నిటికన్నా చివర్లో వెళ్లాలి. వేలు పెట్టిన దగ్గర్నుంచి లాక్ తెరుచుకునేదాకా మూడు అంచెలున్నాయి: సెన్సర్‌తో మాట్లాడే డ్రైవర్లున్న లైబ్రరీ లిబ్‌ఎఫ్‌ప్రింట్, దాన్ని నడిపే సర్వీసు ఎఫ్‌ప్రింట్‌డీ, లాగిన్‌కీ సుడోకీ (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) దాన్ని కలిపే పామ్ (లినక్స్‌లో గుర్తింపు తనిఖీ చేసే వ్యవస్థ) మాడ్యూల్. టెర్మినల్‌లో ఎఫ్‌ప్రింట్‌డీ-వెరిఫై కొట్టి వేలు పెట్టండి. ఇక్కడ సరిపోయి లాగిన్‌లో సరిపోకపోతే చూడాల్సింది పామ్. ఇక్కడే తేడా వస్తే పామ్ ఫైళ్లను ముట్టుకోకండి.

డివైస్ ఏదీ లేదంటోంది

యూఎస్‌బీ డివైస్‌లను చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌తో సెన్సర్ ఐడీ చూడండి. మొదటి నాలుగు అక్షరాలు కంపెనీవి (27సీ6 గుడిక్స్, 06సీబీ సినాప్టిక్స్, 04ఎఫ్3 ఎలాన్), తర్వాతి నాలుగు మోడల్‌వి. ఒకే కంపెనీలో ఒక మోడల్‌కి డ్రైవర్ ఉండి, పక్క మోడల్‌కి ఉండకపోవచ్చు. అందుకే లిబ్‌ఎఫ్‌ప్రింట్ సపోర్ట్ చేసే సెన్సర్ల జాబితాలో ఎనిమిది అక్షరాలూ కలవాలి. ఎలాన్ ఐడీ కనిపించింది కదా అని అదే సెన్సర్ అనుకోవద్దు, ఆ కంపెనీ టచ్‌స్క్రీన్లకీ అదే నంబర్ ఉంటుంది.

జాబితాలో ఉన్నా దొరకడం లేదంటే మీ దగ్గరున్నది పాత వెర్షన్ కావచ్చు, అప్‌డేట్ చేయండి. అసలు యూఎస్‌బీలోనే కనిపించకపోతే బయోస్‌లో రీడర్ ఆఫ్ అయి ఉందేమో చూడండి. కొన్ని సెన్సర్లు యూఎస్‌బీకి బదులు ఎస్‌పీఐ అనే వేరే రకం కనెక్షన్ మీద ఉంటాయి, అవి ఈ కమాండ్‌కి కనబడవు. జాబితాలో లేని కొన్ని వాలిడిటీ, సినాప్టిక్స్ సెన్సర్లకు పైథాన్-వాలిడిటీ అనే వేరే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది.

నమోదు మధ్యలో ఆగిపోతోంది, వేలు ముందే ఉందంటోంది

ఇప్పటి సెన్సర్లు చాలావరకు ముద్రను చిప్‌లోనే దాచుకుని, అక్కడే పోల్చుకుంటాయి. విండోస్‌లో పెట్టిన ముద్రలు, పాత ఇన్‌స్టలేషన్ నాటి ముద్రలు చిప్‌లో అలాగే ఉండిపోతాయి. లినక్స్ వైపు జాబితా ఖాళీగా కనిపించినా చిప్ మాత్రం ‘ఈ వేలు నా దగ్గరుంది’ అంటుంది. విండోస్ ఉంటే అందులోని ముద్రలు తీసేయండి. లేదంటే బయోస్‌లో వేలిముద్రల డేటా చెరిపే ఆప్షన్ ఉందేమో చూడండి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే టూల్‌తో సెన్సర్ ఫర్మ్‌వేర్ (చిప్‌లోపలి సాఫ్ట్‌వేర్) కూడా అప్‌డేట్ చేసి, తర్వాతే మళ్లీ నమోదు చేయండి.

నమోదైంది కానీ ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు

అసలు విసిగించేది ఇదే. వెరిఫై ఇచ్చే జవాబును జాగ్రత్తగా చదవండి. ‘రీట్రై’ అంటే ముద్ర సరిగ్గా పడలేదని: వేలు తడిగానో మరీ పొడిగానో ఉంది, లేదా సెన్సర్ మీద మరక ఉంది. ‘నో-మ్యాచ్’ అంటే ముద్ర వచ్చింది కానీ నమోదైనదానితో కలవలేదని. రెండోది తరచుగా వస్తుంటే తప్పు నమోదులో ఉన్నట్టే.

చిప్‌లో పోల్చుకోని సెన్సర్లు బొమ్మను కంప్యూటర్‌కి పంపుతాయి. అందులో గీతలు ఆగిన చోట్లు, చీలిన చోట్లు ఏరి పోల్చే పనిని లిబ్‌ఎఫ్‌ప్రింట్, అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ విడుదల చేసిన ప్రోగ్రాములతో చేయిస్తుంది (ఏరడానికి మైండ్‌టీసీటీ, పోల్చడానికి బోజార్త్3). అలా పోల్చడానికి పెద్ద ముద్ర కావాలి. పవర్ బటన్ మీది చిన్న సెన్సర్‌లో వేలి ముక్కే పడుతుంది కాబట్టి అలాంటి గుర్తులు నాలుగైదుకు మించి దొరకకపోవచ్చు.

అందుకే నమోదప్పుడు ప్రతిసారీ వేలు ఒకే చోట నొక్కొద్దు. ఒకసారి మధ్యభాగం, ఒకసారి ఎడమ అంచు, ఒకసారి కుడి అంచు, ఒకసారి కొస పెట్టండి. రోజూ ల్యాప్‌టాప్ ఏ భంగిమలో వాడతారో ఆ భంగిమలోనే కూర్చుని చేయండి, వేలి కోణం దాన్ని బట్టే మారుతుంది. గీసే రకం సెన్సర్ అయితే వేగం ఒకేలా ఉండాలి, ఎందుకంటే అది సన్నని పట్టీలను అతికించి బొమ్మ తయారుచేస్తుంది. పాత ముద్ర తీసేసి ఇలా మళ్లీ పెట్టండి, ఇంకో చేతి వేలు కూడా చేర్చండి.

స్లీప్ నుంచి లేచాక పనిచేయదు

ఎఫ్‌ప్రింట్‌డీ సర్వీసును రీస్టార్ట్ చేయండి. దాంతో కుదురుకుంటే సెన్సర్ బాగానే ఉంది, సర్వీసే పాత కనెక్షన్‌ని పట్టుకుని కూర్చుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీలోంచే మాయమైతే కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ దాన్ని నిద్రపుచ్చుతోందేమో చూడాలి. ఆ ఒక్క డివైస్‌కి యూడెవ్ (డివైస్‌ల సెట్టింగులు చూసే లినక్స్ భాగం) రూల్‌తో పవర్ కంట్రోల్‌ను ‘ఆన్’లో పెట్టి చూడండి. పని లేనప్పుడు ఎఫ్‌ప్రింట్‌డీ తనంతట తనే ఆగిపోతుంది, కాబట్టి స్టేటస్‌లో ‘ఇనాక్టివ్’ కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు.

వెరిఫై సరే, లాగిన్ మాత్రం అడగడం లేదు

ఉబుంటు, డెబియన్‌లలో లిబ్‌పామ్-ఎఫ్‌ప్రింట్‌డీ ప్యాకేజీ వేసి, పామ్-ఆథ్-అప్‌డేట్‌లో వేలిముద్రకు టిక్ పెట్టండి. ఫెడోరాలో ఆథ్‌సెలెక్ట్‌తో విత్-ఫింగర్‌ప్రింట్ ఫీచర్ ఎనేబుల్ చేయాలి. చేసేటప్పుడు రూట్ (అడ్మిన్) టెర్మినల్ ఒకటి తెరిచే ఉంచండి, పాస్‌వర్డ్ దారి ఎప్పుడూ మూయకండి.

వేలితో లాగిన్ అయ్యాక కీరింగ్ (మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌ల పెట్టె) మళ్లీ పాస్‌వర్డ్ అడిగితే అది లోపం కాదు. కీరింగ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసింది మీ పాస్‌వర్డ్‌తో. వేలిముద్ర చెప్పేది అవునా కాదా అనే మాటే, తాళంచెవి ఇవ్వదు. మెషీన్ ఆన్ చేశాక మొదటి లాగిన్ పాస్‌వర్డ్‌తో చేసి, ఆ తర్వాత స్క్రీన్ లాక్‌కీ సుడోకీ వేలు వాడండి.