ఎండలు ముదరకముందే: ముఖానికి రాసేవి, కాళ్లకు తొడిగేవి

సంక్రాంతికి చేసిన సకినాలు శివరాత్రి దాటాక కూడా మిగిలితే, డబ్బా మూత తియ్యగానే ముక్కుకు ఒక వాసన తగులుతుంది. సకినం చూడటానికి బాగానే ఉంటుంది, కరకరమంటుంది కూడా. నోట్లో పెట్టుకుంటే మాత్రం గొంతులో గీరుకున్నట్టు ఉంటుంది. నూనె పాడైందని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. ముఖానికి రాసుకునే క్రీములో, తలకు పెట్టే నూనెలో, కాళ్లకు వేసుకునే తోలు చెప్పుల్లో జరిగేది కూడా ఇదే. కాకపోతే వాటిని మనం నోట్లో పెట్టుకోం కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది.

నేను హనుమకొండలో ఉంటాను. సున్నిపిండి, తలనూనె ఇంట్లోనే చేసి చుట్టాలకు, వాడకట్టులో వాళ్లకు ఇస్తుంటాను. మా బాపు నర్సంపేట దగ్గరి ఊళ్లో కిర్రు చెప్పులు, అంటే నడిస్తే కిర్రుమనే తోలు చెప్పులు, కుట్టేవాడు. ఆయన పనికీ నా పనికీ సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇద్దరి సరుకుకూ శత్రువులు ఒకటే: వేడి, వెలుతురు, గాలి. మన దగ్గర ఏప్రిల్‌లోనే నలభై డిగ్రీలు దాటుతుంది, రామగుండం వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఉగాదికి ముందు అల్మారా ఒకసారి తెరవండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలేదాకా ఆగితే చేసేదేమీ ఉండదు.

గాలిలో ఉన్న ఆక్సిజన్ నూనెకు తగులుకుంటే ముందు కొంచెం పాడవుతుంది. పాడైనది ఊరుకోదు, పక్కదాన్ని కూడా పాడుచేస్తుంది. మిర్చి బస్తాలో నాలుగు తడికాయలుంటే బస్తా మొత్తానికి బూజు పాకుతుందని ఎనుమాముల యార్డుకు సరుకు తోలిన రైతును అడిగితే చెప్తాడు. యాంటీఆక్సిడెంట్ అంటే మధ్యలో అడ్డం పడి ఆ వరసను ఆపే పదార్థం. ఆపే పనిలో అది తానే ఖర్చైపోతుంది. అందుకని సీసా మీద ఆ మాట ఉందని ధీమాగా ఉండొద్దు. కిటికీలో పెట్టిన సీసాలో అది తొందరగా అయిపోతుంది, చల్లటి చీకట్లో ఉంచితే ఎక్కువ రోజులు ఉంటుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. యాంటీఆక్సిడెంట్ బూజును ఆపదు, సూక్ష్మక్రిములను ఆపదు. వాటికి వేరే ప్రిజర్వేటివ్ కావాలి. ఇంట్లో తీసిన కలబంద గుజ్జులో యాంటీఆక్సిడెంటే కదా అని విటమిన్ ఈ పిండేసి "ఇక పాడవదు" అని బాత్రూంలో పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ప్రిజర్వేటివ్ లేకుండా నీళ్లున్న ఏ పదార్థమైనా, గుజ్జైనా పాలైనా రోజ్‌వాటరైనా, ఎండాకాలం ఇంట్లో ఒక్కరోజులోనే చెడిపోవచ్చు. ఎప్పటికప్పుడు కొంచెమే చేసుకోండి, ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజుల్లో వాడేయండి, మిగిలింది పారబోయండి.

నూనెల దగ్గర నేను దెబ్బతిన్నాను కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. ఒక ఏడాది ఫిబ్రవరిలో అవిసె గింజల నూనె ఎక్కువ వేసి తలనూనె చేశాను. పాడవకుండా మెడికల్ షాపులో దొరికే విటమిన్ ఈ క్యాప్సూల్స్ కత్తిరించి కలిపాను. అందంగా కనిపించాలని తెల్ల గాజు సీసాల్లో పోసి, ముందు గదిలో కిటికీ పక్కన వరసగా పెట్టాను. ఏప్రిల్ మొదటి వారంలో మా వీధి వదిన సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా మూత తీసింది. పాత సకినాల డబ్బా వాసన. సీసా మెడ చుట్టూ నూనె జిగురుగా పట్టి, వేలు పెడితే అంటుకుంటోంది. అది పెట్టుకున్నాక ఆమె కూతురి నుదుటి మీద ఎర్రటి పొక్కులు వచ్చాయి. ఆ సీసాలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను, కానీ ఆ పాప నుదురు గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

తర్వాత తెలిసింది, ఆ క్యాప్సూల్స్‌లో చాలావాటిలో ఉండేది టోకోఫెరిల్ అసిటేట్. అది శరీరంలోకి వెళ్లాక విడిపోయి పనిచేసే రూపం. సీసాలో ఉన్న నూనెను అది కాపాడదు. నూనె కోసం కావలసింది టోకోఫెరాల్, లేబుల్ మీద ఆ మాటే ఉండాలి. అదైనా పాడైన నూనెను బాగుచెయ్యలేదు, తాజా నూనెలో మొదట్లోనే కలపాలి.

అంతకంటే ముఖ్యం ఏ నూనె ఎంచుకుంటామనేది. అవిసె, కుసుమ, పొద్దుతిరుగుడు నూనెలు వేడికి తొందరగా చెడతాయి. కొబ్బరినూనె, ఆముదం చాలాకాలం నిలుస్తాయి. నువ్వుల నూనెలో సెసమోల్ లాంటి సొంత కాపలాదార్లు ఉంటాయి, మన అమ్మమ్మలు దాన్నే ఎందుకు నమ్ముకున్నారో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు నేను ముదురు రంగు చిన్న సీసాల్లో, మెడ దాకా నింపి పోస్తాను. సగం ఖాళీ సీసా అంటే సగం గాలి. రాగి చెంబులో, ఇనుప గిన్నెలో నూనె దాచొద్దు, ఆ లోహాలు చెడిపోవడాన్ని ఎగదోస్తాయి. స్టీలు ఫర్వాలేదు. తేదీ రాసి అంటించండి.

విటమిన్ సి సీరం వాడేవాళ్లు రంగు చూసుకుంటే చాలు. కొన్నప్పుడు నీళ్లలా ఉన్నది లేత పసుపు దాటి టీ డికాక్షన్ రంగుకు వస్తే దాని పని అయిపోయినట్టే. డబ్బులు పోసి కొన్నామని రాసుకోవద్దు. వెలుతురు చొరని సీసాలో, గాలి లోపలికి పోనివ్వని ఎయిర్‌లెస్ పంపు ఉన్నది కొనండి, ఫ్రిజ్‌లో పెట్టండి. మే నెలలో ఆన్‌లైన్‌లో తెప్పిస్తే అది ఎండలో వ్యానులో ఎన్ని గంటలు ఉడికి వచ్చిందో మనకు కనపడదు, కాబట్టి మార్చిలోనే తెప్పించుకోండి. ఏది కొన్నా బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలనే తేదీ ఉన్నాయా చూడండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6M అనో 12M అనో ఉంటే, తెరిచాక అన్ని నెలలే వాడాలని అర్థం. ఇక యాంటీఆక్సిడెంట్ క్రీము రాసుకున్నాం కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు, గొడుగూ స్కార్ఫూ మానొద్దు.

సున్నిపిండిలో బావంచాలు

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నానని అనుకున్నా తప్పులేదు. సున్నిపిండిలో పెసలు, శనగలు, కచ్చూరాలు, కస్తూరి పసుపుతో పాటు బావంచాలు వెయ్యడం పాత అలవాటు. నల్లగా, చిన్నగా, ఘాటు వాసనతో ఉండే గింజలు. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, తర్వాత నల్ల మచ్చ మిగులుతుంది. బొల్లి వైద్యంలో ఇదే గుణాన్ని మందుగా వాడుకుంటారు, కానీ అక్కడ డాక్టరు మందుకూ వెలుతురుకూ లెక్క పెడతాడు. పొద్దున తలస్నానానికి సున్నిపిండి నలుగు పెట్టుకుని, పది గంటలకు పెళ్లికని మండుటెండలో బండి మీద నర్సంపేటకు బయల్దేరితే ఆ లెక్క ఎవరు పెడతారు?

ఎండాకాలం నేను చేసే పిండిలో బావంచాలు అసలే వెయ్యను. దుకాణంలో కొంటే అందులో ఏమేం వేశారో అడగండి, చెప్పకపోతే కొనొద్దు. ఈమధ్య క్రీముల మీద బాకుచియోల్ అని కనిపిస్తోంది. అది ఈ గింజల్లోంచే వేరుచేసి శుద్ధి చేసిన పదార్థం. దానికి పేరొచ్చిందని గింజల పొడి తెచ్చి ముఖానికి పట్టించడం వేరే సంగతి, ప్రమాదం కూడా.

నిమ్మరసం కూడా అంతే. చేతుల మీద, ముఖం మీద నిమ్మరసం ఉండగా ఎండలోకి వెళ్తే ఒకటి రెండు రోజుల తర్వాత చారలు చారలుగా కాలిన మచ్చలు తేలతాయి, నల్లదనం నెలలు ఉంటుంది. పెళ్లిళ్లలో ఆరుబయట నిమ్మకాయలు పిండి షర్బత్ కలిపే పిల్లలకు చేతులు సబ్బుతో కడుక్కొమ్మని చెప్పండి. పసుపు అయితే పొడి కొనకుండా కొమ్ములు కొని మర పట్టించుకోండి, కల్తీ రంగుల బాధ కొంత తగ్గుతుంది. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడాలి. పెళ్లి ముందురోజు కొత్త క్రీము మొదలుపెట్టొద్దు. గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్ల జోలికి అసలే వెళ్లొద్దు, గోరింటాకు నల్లగా పండదు, అందులో జుట్టుకేసే రంగు ఉంటుంది.

వగరు సంగతి

మా బాపు తంగేడు చెక్క కొనేముందు చిన్న ముక్క తుంచి నమిలేవాడు. నాలుక ముడుచుకున్నట్టయితేనే తీసుకునేవాడు. ఆ వగరే టానిన్. బతుకమ్మలో పేర్చుకునే తంగేడు పువ్వు మనకు తెలుసు, రాష్ట్ర పుష్పం కూడా అదే. దాని చెక్క తరతరాలుగా లందలో, అంటే తోలును పదును చేసే తొట్టిలో, తోలును కాపాడిందని మాత్రం మర్చిపోయాం. సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీసిన తోలును ఆ చెక్క నీళ్లలో ఊరబెడితే, వగరు తోలులోని ప్రొటీన్లకు పట్టుకుని కుళ్లకుండా చేస్తుంది. ఒక్క తంగేడుతోనే ఆపితే ఎండకు తోలు ఎర్రబారుతుంది. అందుకే చివర కరక్కాయ నీళ్లు పట్టేవాళ్లు. పేరు యాంటీఆక్సిడెంట్ అని తెలియకపోయినా, ఎండనుంచి తోలును ఎలా కాయాలో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు బజార్లో దొరికే చెప్పులు, బెల్టులు, పర్సులు ఎక్కువ భాగం క్రోమియం ఉప్పుతో పదును చేసినవి. అందులో ఉండే మూడో రకం క్రోమియంతో పెద్ద ఇబ్బంది లేదు. కానీ విపరీతమైన వేడి, ఎండ, పొడిగాలి తగిలి, తోలులో పెట్టిన నూనెలు చెడినప్పుడు అందులో కొంత ఆరో రకంగా మారగలదు. అది చర్మానికి పడదు, ఒకసారి అలర్జీ పట్టుకుంటే జీవితాంతం వదలదు. యూరప్‌లో 2015 మే నుంచి ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరకూడదని నిబంధన ఉంది. అది పుట్టకుండా తోలు పరిశ్రమలో వాడే వాటిలో చెట్ల టానిన్లు, విటమిన్ సి కూడా ఉన్నాయి. మళ్లీ అదే వగరు, అదే నిమ్మకాయ.

కాబట్టి తోలు బూట్లు మూసిన కారులో, బండి డిక్కీలో, డాబా మీద వదలొద్దు. చెమటకు తడిస్తే ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. ఎండాకాలం ఉత్త కాళ్లకు తోలు బూట్లు వేసుకోకుండా పల్చటి నూలు సాక్స్ వేసుకోండి. పాదం మీద పట్టీ ఆకారంలోనే దురద, ఎర్రదనం వస్తే చెప్పు మార్చి చర్మ డాక్టరుకు చూపించండి, ఆ చెప్పులు కూడా తీసుకెళ్లండి.

రబ్బరు చెప్పులు వేసుకుంటే సరిపోతుంది కదా అంటారు. రబ్బరు చెడకుండా కూడా యాంటీఆక్సిడెంట్లే కలుపుతారు, అన్నీ చర్మానికి మంచివి కావు. 1939లో అమెరికాలో ఒక తోళ్ల కార్ఖానా పనివాళ్లకు చేతుల మీద తెల్ల మచ్చలు వచ్చాయని వైద్యులు రాశారు. కారణం తోలు కాదు, వాళ్లు తొడుక్కున్న రబ్బరు గ్లోవ్స్‌లో కలిపిన హైడ్రోక్వినోన్ జాతి యాంటీఆక్సిడెంట్. చెప్పు పట్టీ ఉన్నచోట చర్మం తెల్లబడుతుంటే ఆ చెప్పులు ఆ రోజే మానెయ్యండి. తెల్లబరుస్తామని డాక్టరు చీటీ లేకుండా అమ్మే క్రీములకూ ఇదే మాట, వాటిలో హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్లు కలిసినవి ఉంటాయి, ఎండాకాలం ఇంకా చెరుపు చేస్తాయి.

కిర్రు చెప్పులున్నవాళ్లు ఉగాదికి ముందే ఒకసారి ఆముదం పెట్టండి. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, గుడ్డ కొసను ఆముదంలో ముంచి పిండి, పల్చగా రుద్ది, ఒక రాత్రి ఉంచి, పొద్దున మిగిలింది తుడిచెయ్యాలి. వంటింట్లో ఉంది కదా అని పొద్దుతిరుగుడు నూనె పెడితే జిగురెక్కి దుమ్ము పట్టి కంపు కొడుతుంది. తడి తోలుకు ఇనుప మేకు తగిలితే వగరుతో కలిసి నల్ల మచ్చ పడుతుంది, అది సులువుగా పోదు. తడిస్తే మేకుకు తగిలించకుండా కర్ర మీద వెయ్యండి.

ఆ ఆముదం మిరుగు (మృగశిర కార్తె) దాకా కాస్తుంది. వాన మొదలయ్యాక నూనె పెట్టడం తగ్గించి, తోలు వస్తువుల్ని ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి నూలు సంచిలోకి మార్చండి. బూజు కనిపిస్తే ఇంట్లో దులపకుండా బయటికి తీసుకెళ్లి తుడిచి, రెండు రోజులు నీడలో గాలికి పెట్టండి.