ఇంటర్వ్యూ నుంచి ఆఫర్ లెటర్ దాకా: జీతం గురించి ఎలా మాట్లాడాలి?

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం మారాలనుకునేవారికి జీతం ప్రస్తావన చివరి రౌండు దాకా ఆగదు. హెచ్‌ఆర్ నుంచి వచ్చే మొదటి ఫోన్‌లోనే ప్రస్తుత సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక పనిచేయాల్సిన గడువు) ఎన్ని రోజులు అని వరుసగా అడిగేస్తారు. కాబట్టి దరఖాస్తు పంపే ముందే పే స్లిప్పు తీసి, నెలనెలా ఖాతాలో పడుతున్నది ఎంతో, సీటీసీ కాగితానికే పరిమితమైనది ఎంతో విడివిడిగా రాసుకోవాలి.

ఆ ఫోన్‌లో మీరు ముందుగా అంకె చెప్పనక్కర్లేదు. "ఈ పోస్టుకు మీరు అనుకుంటున్న బడ్జెట్ ఎంతో చెప్పగలరా మేడమ్?" అని మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు. చెప్పకుండా పట్టుబడితే, మీరు సంతోషంగా ఒప్పుకోగలిగిన మొత్తానికి కొంచెం పైనున్న అంకె చెప్పండి. ప్రస్తుత జీతాన్ని మాత్రం పెంచి చెప్పవద్దు. సాధారణంగా గత మూడు నెలల పే స్లిప్పులు, కొన్నిచోట్ల ఫారం 16 (ఏడాది జీతం, అందులోంచి కోసిన పన్ను చూపే పత్రం) కూడా అడుగుతారు.

టెక్నికల్ రౌండ్లలో జీతం మాట ఎత్తకపోవడమే మేలు. అయితే ప్యానెల్ వేసే ప్రశ్నలను గమనించి, వాళ్లకు ఏ పని మీద మనిషి అత్యవసరమో ఇంటర్వ్యూ కాగానే రాసిపెట్టుకోండి. జీతం పెంచమని అడిగేటప్పుడు మీ అవసరాలకన్నా ఆ కాగితమే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇంటి అద్దె పెరిగిందని చెబితే ఏ హెచ్‌ఆరూ బడ్జెట్ పెంచరు.

ఆఫర్ వచ్చాక వెంటనే ఒప్పుకోకుండా, జీతం వివరాల పట్టిక పంపమని అడగండి. అసలు పని ఇక్కడే ఉంది. ఉదాహరణకు సీటీసీ 12 లక్షలు, అందులో వేరియబుల్ (పనితీరును బట్టి మారే భాగం) 1,20,000, బేసిక్ (మూల వేతనం) 6 లక్షలు అనుకుందాం. పూర్తి బేసిక్ మీద లెక్కకడితే యజమాని వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 72,000, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) 4.81 శాతం చొప్పున 28,860 అవుతాయి. వేరియబుల్‌తో సహా ఇవన్నీ తీసేస్తే మిగిలేది 9,79,140, అంటే నెలకు 81,595 రూపాయలు. అందులోంచి మీ వాటా పీఎఫ్ 6,000, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోతే, ఆదాయపు పన్నుకు ముందు చేతికొచ్చేది 75,395. పన్నెండు లక్షలంటే నెలకు లక్ష అనుకున్నవారికి ఇది పాతిక వేల తేడా. పీఎఫ్ మీ డబ్బే గనుక నష్టమని అనలేము కానీ, గ్రాట్యుటీ అందాలంటే శాశ్వత ఉద్యోగికి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలి. వేరియబుల్ గత రెండేళ్లలో ఎంత శాతం చెల్లించారో కూడా తప్పక అడగాలి.

ఇక బేరం. మొహమాటం లేకుండా, ఒకే అంకెతో, ఒకే కారణంతో మాట్లాడండి: "మీ టీముకు కావలసిన మైగ్రేషన్ పని నేను ఇప్పటికే చేశాను సార్, ఫిక్స్‌డ్ భాగం 12 లక్షలు చేస్తే ఈ వారమే ఆఫర్‌కు ఒప్పుకుంటాను." అడిగాక ఆగండి. అవతలి వ్యక్తి మౌనంగా ఉన్నారని కంగారుపడి మీ అంకెను మీరే తగ్గించుకోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. ఫిక్స్‌డ్ కదలదని తేలితే జాయినింగ్ బోనస్ గానీ, నోటీస్ బైఅవుట్ (మిగిలిన నోటీసు రోజులకు పాత కంపెనీకి కట్టాల్సిన డబ్బును కొత్త కంపెనీ భరించడం) గానీ అడగవచ్చు. అయితే బోనస్ తీసుకున్నాక నిర్ణీత కాలంలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు చాలా ఆఫర్లలో ఉంటుంది, ఆ పేరా రెండుసార్లు చదవండి.

ఫోన్‌లో ఒప్పుకున్నదంతా సవరించిన ఆఫర్ లెటర్‌లోకి వచ్చేదాకా రాజీనామా మెయిల్ పంపవద్దు. తొంభై రోజుల నోటీసు ఉన్నవారు జాయినింగ్ తేదీని కూడా అందులోనే సరిచూసుకోవాలి.